నలభైయొక్కమంది పలికిన మాట

2019 జులై 3, బుధవారం. ఎబూక్రోం.

ఈ ఏడాది ఘనా దేశమంతా బయటికి పోయిన పిల్లల్ని ఇంటికి రమ్మని పిలుస్తోంది. అక్రా విమానాశ్రయంలో ఎటు చూసినా స్వాగతం పోస్టర్లే. నన్ను మాత్రం మా ఊరు విచారణకి పిలిచింది.

పెద్దమ్మ చేపలు పొగబెట్టే పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. "వచ్చావా? చిక్కిపోయావేంటే. కెంకే ఉంది, తిను" అంది. మూడేళ్ళ కింద అమ్మని లండన్ నించి పెట్టెలో తెచ్చి ఇక్కడ పాతిపెట్టినప్పుడు, గంటసేపు నన్ను వాటేసుకుని వదలని మనిషి. ఇవాళ చేతులకి మసి అంటూ దగ్గరికి రానివ్వలేదు.

ఆకు విప్పుకుని రెండు కెంకేలు తిన్నాను, వేయించిన చేపతో. పులుపు సరిగ్గా ఉంది. లండన్‌లో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ పులుపు కోసం వెతుకుతున్నాను. మా అమ్మాయికి చెబితే నవ్వుతుంది, పిండి ముద్దకి ఇంత కథా అని.

జులై 4

దోమలు. కరెంటు లేదు. కొత్త నవల రాద్దామని ఈ నోటుపుస్తకం తెచ్చాను. ఇదిగో, ఇదే రాస్తున్నాను.

జులై 5, శుక్రవారం

క్లేర్ ఫోన్ చేసింది. నా పుస్తకాలు వేసే సంస్థలో సంపాదకురాలు. మంచిదే కానీ జరిగింది ఏమిటో నాలుగోసారి చెప్పించుకుంది. నాలుగోసారి ఇలా చెప్పాను: మా ఊరికి ఒక చెడ్డ రోజుంది. రెండువందల ఏళ్ళ కింద అప్పటి రాజూ, ఆయనతో పడవల్లో వెళ్ళినవాళ్ళూ ఒక్క పూటలో పోయారు. అది జరిగిన వారం పేరూ, ఆ చోటు పేరూ కలిపి పలికితే ఊరందరి మీదా ఒట్టు పెట్టినట్టు. ఎవరూ పలకరు. తప్పనిసరైతే 'పెద్ద మాట' అంటారు. పలికినవాళ్ళు రాజుగారి ముందు నిలబడి జవాబు చెప్పుకోవాలి. సముద్రపు నీళ్ళతో తల కడిగించుకోవాలి. అప్పటిదాకా ఇసుక మీద కాలు పెట్టకూడదు.

"దాన్ని నువ్వు నవల్లో రాశావా?"

రాశాను. 'ఉప్పు రాజ్యం' మూడు భాగాల్లోనూ. నా కథానాయిక సాంకా సముద్రాన్ని తెరవడానికి పలికే మంత్రం అదే. మునిగిపోయినవాళ్ళు ఆ తలుపులోంచి నడిచి బయటికి వస్తారు.

"వేరే మాట దొరకలేదా ఎకువా?"

ఏం చెప్పను? పన్నెండేళ్ళ కింద, టోటెన్‌హామ్‌లో వంటగది బల్ల మీద ఆ పేజీ రాస్తుంటే నా చేతికి వచ్చింది అదొక్కటే. అంత దూరంలో ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను. పన్నెండేళ్ళు ఎవరూ చూడలేదు కూడా.

సాయంత్రం బెన్యివా వచ్చింది. ఇక్కడి బడిలో పంతులమ్మ, ఇరవై ఆరేళ్ళుంటాయి. గుమ్మంలోనే ఏడుపు. ఈ పిల్ల ఊరు ఇది కాదు, తకోరాది నించి వచ్చింది. మన ఊరి ఆడబిడ్డ రాసిన నవల కదా అని మురిసిపోయి ఆరో తరగతికి రోజుకి ఒక అధ్యాయం చదివి వినిపించిందట. ఏడో అధ్యాయంలో సాంకా సముద్రం ముందు నిలబడేచోట, "అందరూ నాతోపాటు గట్టిగా అనండి" అందట. నలభైయొక్కమంది పిల్లలు కిటికీలు అదిరేట్టు అన్నారు.

"ఎంత బాగా అన్నారో ఆంటీ! ఏడాదంతా ఒక్క పద్యం కూడా అలా అనలేదు. అంతలో బయట వల కుడుతున్న ముసలాయన సూది పడేసి లోపలికి పరిగెత్తుకొచ్చాడు."

ఇప్పుడు ఆ నలభైయొక్కమందికీ ఇసుక నిషేధం. హెర్రింగ్ చేపలు గుంపులుగా వచ్చే రోజులివి, ఊరంతా ఒడ్డు మీదే బతికే రోజులు. పిల్లలు రోడ్డు పక్క గోడ మీద వరసగా కూర్చుని సముద్రాన్ని చూస్తున్నారు. పొద్దున నేను ఆ దారిన పోతుంటే ఒకడు అన్నాడు, "అదుగోరా, మంత్రం ఆవిడ." చెప్పుకోవడానికి సిగ్గు కానీ, కాస్త గర్వపడ్డాను.

జులై 7

చర్చికి వెళ్ళాను. నా బల్ల మీద నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

జులై 9, మంగళవారం

మంగళవారం పడవలు కదలవు కాబట్టి ఊరి తగవులన్నీ మంగళవారమే. రాజుగారు మిగతా రోజుల్లో కేప్ కోస్ట్‌లో మందుల షాపు నడుపుతారు. ఇవాళ గొడుగు కింద కూర్చుంటే చేతులెత్తి మొక్కాలనే అనిపించింది నాకు. రాజు అనేవాడు ఎవరితోనూ నేరుగా మాట్లాడడు. పక్కన బంగారు పిడి కర్ర పట్టుకుని క్వాన్సా తాత ఉంటాడు. రాజుగారు నాలుగు మాటలు గొణిగితే తాత నలభై చేసి వినిపిస్తాడు. అడిగే సంపాదకురాలు లేని రచయిత.

కుడివైపు రాణిమాత, ఊరి ఆడవాళ్ళందరికీ పెద్ద. ఆవిడ వెనక మా పెద్దమ్మ. ఊళ్ళో ఎవరు నోరు జారినా కడిగే నీళ్ళ సొరకాయ బుర్ర పట్టుకునేది పెద్దమ్మే, ముప్పై ఏళ్ళ పైనించి. మా ఇంటి ఆడవాళ్ళ పని అది. ఇవాళ నా వైపు ఒక్కసారీ చూడలేదు.

క్వాన్సా తాత మొదలుపెట్టాడు. "రాజుగారు అడుగుతున్నారు. ఈవిడ ఎక్కడుంటుంది? లండన్‌లో! ఎప్పట్నించి? పన్నెండో ఏట పోయింది, ఇప్పుడు నలభైమూడు! ఎవరి పాస్‌పోర్ట్? ఆ తెల్లోళ్ళ రాణిది! మరి ఈవిడ మనమ్మాయా, పరదేశా? రాజుగారు దయగలవారు. రాజుగారు ఏమంటున్నారంటే, మన పెద్ద మాట మనవాళ్ళకే అంటుద్ది. పరదేశి పలికితే అది గాలి. ఆ గాలిని పిల్లలు మళ్ళీ ఊదారు, అంతే. పిల్లలకీ ఏం అంటలేదు. ఇప్పుడే పోయి ఇసుకలో దొర్లొచ్చు. ఈవిడ లేచి 'నేను పరదేశిని' అని ఒక్క ముక్క అంటే చాలు. అందరం ఇళ్ళకి పోయి తిందాం!"

అందరి మొహాలూ విప్పారాయి. తల్లులు నా వైపు చూసి నవ్వారు. ఈ వారంలో నా వైపు నవ్వడం అదే మొదలు. లేచాను. నోరు తెరిచాను.

"వచ్చే మంగళవారం చెబుతాను నానా" అన్నాను. రాజుని నానా అనే పిలవాలి.

"ఇంకో వారమా!" అని ఒక తల్లి నెత్తి కొట్టుకుంది. "ఒక్క ముక్కకి వారమా? ఇదేం రాసే మనిషమ్మా!"

పిల్లల కోసమే ఆలోచించుకుందామని గడువు అడిగాను. వాళ్ళ మంచి కోసమే.

జులై 10, బుధవారం

పైన రాసిన ఆఖరి రెండు వాక్యాలూ అబద్ధం. పిల్లల మంచి కావాలంటే నిన్ననే ఆ ముక్క అనేసేదాన్ని.

పరదేశిని అంటే ఏమవుతుంది? మా ఇంట్లో ఎవరు పోయినా అయినవాళ్ళ వరసలో నాకు బల్ల ఉండదు. అమ్మ పక్కన మట్టి ఉండదు. మా వాళ్ళలో ఇల్లు తల్లి నించి వస్తుంది. నాకు లేని ఇల్లు నా కూతురికి ఎక్కణ్ణించి వస్తుంది? ఒక్క ముక్కతో ఇద్దరం పోతాం.

పెద్దమ్మతో ఇదంతా చెప్పాను. పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ వింది.

"చెప్పేసి పో" అంది.

"ఏంటి పెద్దమ్మా?"

"పరదేశినే అని చెప్పేసి పో. ఏం పోయింది నీది? ఆ రాణి పాస్‌పోర్ట్ లేదా? ఉద్యోగం లేదా? ఏటా పుస్తకం వేస్తావుగా?"

"అమ్మ పక్కన నాకు చోటుండదు."

"లండన్‌లో శ్మశానాలు లేవా?"

లోపలికి వచ్చి మంచం మీద పడి ఏడ్చాను. నలభైమూడేళ్ళ మనిషిని, నాలుగు నవలలు రాసినదాన్ని, దిండులో మొహం పెట్టి చిన్నపిల్లలా ఏడ్చాను. నన్ను పెంచిన చేయి అది. అమ్మ కేప్ కోస్ట్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న ఏడేళ్ళూ నాకు తల దువ్వింది, అన్నం పెట్టింది పెద్దమ్మే.

ఇంకొకటి ఉంది. ఊరి పిల్లనే అని ఒప్పుకుంటే క్వాన్సా తాత రెండో ప్రశ్న వేస్తాడు. ఆ మాట నీకెవరు చెప్పారు? ఎవరో పలికితేనే కదా నువ్వు విన్నావు? దానికి జవాబు ఉంది. అమ్మమ్మ చెప్పింది.

జులై 11

అరాబా ఫోన్. పదహారేళ్ళు దానికి, వాళ్ళ నాన్న దగ్గర ఉంది ఈ నెల. మొదట పగలబడి నవ్వింది. "అమ్మా, నీ నవల మీద ఊరు కేసు పెట్టిందా? ఇంతకంటే మంచి సమీక్ష వస్తుందా?" తర్వాత పరదేశి సంగతి చెప్పాను. నవ్వు ఆపేసింది.

"ఇక్కడ బస్సులో, బడిలో, ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కదమ్మా. మీదసలు ఏ ఊరు, అసలు సిసలు ఊరు ఏది అని. నేను ఎబూక్రోం అంటాను. మూడుసార్లే వచ్చాను కానీ అదే అంటాను. రేపట్నించి ఏం చెప్పమంటావు?"

ఏదో ఒకటి చెప్పి పెట్టేశాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

జులై 12

అమ్మమ్మే చెప్పింది. పొయ్యిల వెనక. నాకు బాగా గుర్తు.

జులై 14, ఆదివారం

ఇవాళ నవ్వాను కూడా. రాసుకోవాలి.

మధ్యాహ్నం బెన్యివా నా నాలుగో నవల పట్టుకొచ్చింది. 'రెండో బస్సు'. లండన్‌లో తెల్లవారకముందే రెండు బస్సులు మారి ఆఫీసులు తుడవడానికి పోయే మన ఆడవాళ్ళ కథ. మాయలూ మంత్రాలూ లేవని అక్కడ ఎవరూ కొనలేదు. క్లేర్ ఇప్పటికీ దాని పేరెత్తితే మాట మారుస్తుంది. పెద్దమ్మ అడిగిందట చదవమని. చేపలు తిప్పే ఆడవాళ్ళు ఏడెనిమిదిమంది చేరారు. బెన్యివా మా ఫాంటీ భాషలోకి మార్చి చదువుతుంటే నేను గోడ అవతల కూర్చుని విన్నాను.

భూమి కింద రైలు వచ్చేసరికి ఒకావిడ ఆపింది. "నేల కిందా? రైలా? పోనిద్దూ, కథ కదా."

పక్కింటివాడు చచ్చిపోయి పది రోజులైనా ఎవరికీ తెలియని చోట గోల మొదలైంది. "ఛీ, ఇది మరీ అన్యాయం. ఎంత కల్పనైనా ఒక హద్దుండాలి. పది రోజులు తలుపు కొట్టేవాడే లేడా?"

"వాసన రాదూ?"

"ఆ ముందు పుస్తకమే నయం తల్లీ. మునిగిపోయినవాళ్ళు, సముద్రం కోపం, రాత్రి దాటి పోయే పడవలు. అన్నీ ఉన్నవే రాసింది. ఇది చూడు, ఎలా అల్లిందో!"

లండన్‌లో నా మాయ నవలలు ఊహ, బస్సు నవల నిజం. ఇక్కడ తలకిందులు. గోడ అవతల నోరు మూసుకుని నవ్వాను. కన్నీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

అప్పుడు పెద్దమ్మ గొంతు వినపడింది. అందరి నవ్వూ ఆగాక, నెమ్మదిగా. "ఆ ముందు పుస్తకంలో, సముద్రం తెరుచుకున్నాక, ఆ పిల్ల పెద్దమ్మ మొగుడు బయటికొస్తాడా?"

"వస్తాడమ్మా" అంది బెన్యివా. "మూడో భాగంలో. తడి బట్టలతో వచ్చి అన్నం పెట్టమంటాడు."

ఇంక నవ్వు రాలేదు నాకు.

ఈ నోటుపుస్తకం ఎవరూ చదవరు. అయినా ఇందులో కూడా అబద్ధమే రాస్తూ వచ్చాను. ఆ మాట అమ్మమ్మ చెప్పలేదు. అమ్మమ్మ అసలు ఆ రోజు ఊళ్ళో లేదు. నాకు తొమ్మిదేళ్ళు. పెద్దమ్మ పెళ్ళయి రెండేళ్ళయింది. కొబినా పెదనాన్న పడవ తిరిగి రాలేదు. పొయ్యిల వెనక పెద్దమ్మ సముద్రం వైపు తిరిగి ఆ మాట అరిచింది. నేను చేపల పళ్ళెం పట్టుకుని పక్కనే ఉన్నాను. ఆ తర్వాత నా రెండు భుజాలూ పట్టుకుని, "నువ్వేం వినలేదు" అంది. "వినలేదు" అన్నాను. వినలేదని ఎంత బాగా అన్నానంటే, నిజంగానే మరిచిపోయాననుకున్నాను. రాస్తున్నప్పుడు చేతికి వచ్చింది.

నన్ను పరదేశిని చేసి పంపాలని ఆవిడ తొందర ఇందుకు. రెండో ప్రశ్న రాకూడదని. నా మీద ప్రేమ లేక కాదు. దేవుడా, ఇంత సేపు పట్టిందా నాకు?

జులై 15

తేల్చుకున్నాను. ఊరి పిల్లనే అంటాను. ఎవరు చెప్పారంటే అమ్మమ్మ అంటాను. పోయినవాళ్ళని ఎవరూ సముద్రం దగ్గరికి లాక్కుపోరు. పెద్దమ్మ పరువు నిలుస్తుంది, నా బల్ల నాకు ఉంటుంది, అరాబాకి ఊరు ఉంటుంది.

అమ్మమ్మ ఏనాడూ నోరు జారిన మనిషి కాదు.

జులై 16, మంగళవారం

ఇది ఇవాళే రాయాలి.

లేచి, "నేను పరదేశిని కాను నానా. ఈ ఊరి పిల్లని. తప్పు చేశాను. కడగండి" అన్నాను. తల్లులు గుసగుసలాడారు. గోడ మీది పిల్లల్లో ఒకడు ఈల వేశాడు. క్వాన్సా తాత కర్ర నేలకి కొట్టి, నేను అనుకున్న ప్రశ్నే వేశాడు. "ఊరి పిల్లవైతే ఈ ఊళ్ళోనే ఎవరి నోటో విని ఉంటావు. ఎవరు?"

సూటిగా అబద్ధం ఆడటానికి ధైర్యం చాలలేదు. కథలా చెబితే ఆడగలననుకున్నాను. రోజూ చేసే పనే కదా. "నేను కథలు చెప్పేదాన్ని నానా, కథగా చెప్పనిస్తారా?" అన్నాను. ముసలాళ్ళు బల్లలు ముందుకి జరుపుకున్నారు. మంగళవారం, పని లేదు, వాన లేదు. ఎవరు కాదంటారు?

మొదలుపెట్టాను. ఒక పిల్ల ఉండేది, తొమ్మిదేళ్ళది. పొయ్యిల వెనక పళ్ళెం పట్టుకుని నిలబడేది. ఒక ముసలమ్మ ఉండేది...

"ఆగు!" అని ముసలాళ్ళలోంచి ఆట్టా మామ లేచాడు. మా ఊరి కథల్లో ఇదొకటుంది. వినేవాళ్ళలో ఎవరైనా లేచి "ఆ రోజు నేనక్కడే ఉన్నా" అనొచ్చు. అని పాట ఎత్తుకోవాలి. చెప్పేవాళ్ళు ఆగి తాళం వెయ్యాల్సిందే. "ఆ రోజు నేనక్కడే ఉన్నా! ఆ ముసలమ్మ నా చేపకి పళ్ళు లేవని వెనక్కిచ్చింది!" అని హెర్రింగ్ చేప పాట పాడాడు. అందరూ చప్పట్లు. రాజుగారి కాలు కూడా ఆడింది. వినేవాళ్ళ ఎదురుగా కథ చెప్పి నాకు ఎన్నేళ్ళయిందో! ఒళ్ళు తేలికైంది. అబద్ధం సాఫీగా సాగుతోంది. ముసలమ్మకి సముద్రం మీద కోపం వచ్చింది, ముసలమ్మ ఒడ్డు వైపు తిరిగింది...

"ఆగు. ఆ రోజు నేనక్కడే ఉన్నా."

పెద్దమ్మ. రాణిమాత వెనక నించి లేచి నిలబడి ఉంది. అందరూ పాట కోసం చేతులు ఎత్తి పట్టుకున్నారు. పాట రాలేదు.

"అక్కడ ముసలమ్మ లేదు. ముప్పై ఒక్క ఏళ్ళ పడుచుది ఉంది. పేరు అడ్వోబా. దాని మొగుడు సముద్రానికి పోయి పదకొండు రోజులైంది. ఊరంతా ఏడుపు ఆపేసి వలలు కుట్టుకుంటోంది. దానికి మాత్రం ఏడుపు ఆగలేదు. సముద్రం వైపు తిరిగి ఆ పెద్ద మాట పలికింది, వాణ్ణి ఇచ్చెయ్యమని. ఒక్కసారి కాదు, మూడుసార్లు. పక్కన ఈ పిల్లుంది. దాంతో వినలేదని చెప్పించింది. ఆ తర్వాత ముప్పైనాలుగేళ్ళు మీ అందరి తలల మీదా నీళ్ళు పోసింది. తన తల తడుపుకోలేదు." గాలి పీల్చుకుని నా వైపు తిరిగింది. "మా అమ్మని ఎందుకు లాగుతావే మధ్యలోకి? ఆవిడ ఆ రోజు ఊళ్ళోనే లేదు."

నేను ఏడుస్తున్నాను. నాకు సిగ్గూ లేదు, భయమూ లేదు. ఆవిడ దగ్గరికి పోవాలని మాత్రం ఉంది.

రాణిమాత నిట్టూర్చింది. "ఏమే అడ్వోబా, ఆ పొయ్యిలకి ఇవతల ఇల్లు ఎవరిదే? అప్పట్లో నా చెవులు బాగానే పనిచేసేవి. ఇవాళ వస్తావు, రేపొస్తావని చూశా. పలికినవాళ్ళే వచ్చి చెప్పాలి కాబట్టి ఊరుకున్నా. నన్ను ముసలిదాన్ని చేసేశావు కదే."

పెద్దమ్మ కూర్చుండిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకున్నారు.

"సరే, ఇప్పుడు నీళ్ళెవరు పోస్తారు?" అంది రాణిమాత. "ఆ పని మీ ఇంటిది. బుర్ర ఇంకో ఇంటికి పోదు. మీ ఇంట్లో ఇంకో ఆడదుందిగా, దానికి నేను పోస్తా. మిగతావాళ్ళకి అది పోస్తుంది."

"రాణిమాతా, ఈవిడ సంగతి ఇంకా తేలలేదు" అన్నాడు క్వాన్సా తాత. "పరదేశా కాదా అన్నది రాజుగారు..."

"ఊరి పిల్లే."

ఎవరన్నారా అని చూశాం. రాజుగారు. తన నోటితో, తన గొంతుతో, తాత చెవిలో కాకుండా నా మొహం మీద. క్వాన్సా తాత కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. దాన్ని నలభై మాటలు చెయ్యడానికి ఆయనకి కూడా ఏమీ దొరకలేదు.

జులై 17

పెద్దమ్మ పొద్దెక్కేదాకా నిద్రపోయింది. పొయ్యి నేనే వెలిగించాను. సగం చేపలు మాడ్చాను. లేచి తిట్టింది.

జులై 19, శుక్రవారం

కడగడం అయింది.

పొద్దున్నే ఒడ్డుకి నడిచాం. ముందు నాకు. రాణిమాత బుర్రతో నీళ్ళు తల మీద పోసింది. చల్లగా, ఉప్పగా, కళ్ళు మండాయి. పేరు చెప్పమంది. ఏ తల్లి బిడ్డవో చెప్పమంది. చెప్పాను. బుర్ర నా చేతిలో పెట్టింది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది.

తర్వాత పెద్దమ్మ. ఆ రోజు తర్వాత ఆవిడ ఇసుక మీద కాలు పెట్టలేదు. బేరాలన్నీ రోడ్డు మీదే, కడిగే నీళ్ళు కూడా గోడ దగ్గరికే తెప్పించుకునేది. ఊరంతా అది ఆవిడ దర్జా అనుకునేవారు. ఇవాళ మోకాళ్ళ దాకా దిగింది. నా ముందు తల వంచింది. ఆ తల నేనెప్పుడూ పై నించి చూడలేదు. జుట్టు పల్చబడింది, మధ్యలో పాపిట దగ్గర చర్మం కనపడుతోంది. పోశాను. "సరిగ్గా పొయ్యవే, చెవుల వెనక" అంది. నవ్వుతూ ఏడుస్తూ పోశాను. లేచి, సముద్రం వైపు చూస్తూ, "కొబినా, ఇంక రాకపోయినా ఫర్వాలేదు" అంది. మామూలుగా, వీధిలో పోయేవాడికి చెప్పినట్టు.

తర్వాత నలభైయొక్కమంది, తర్వాత బెన్యివా. పిల్లలు బుద్ధిగా ఉంటారనుకోవడం నా అమాయకత్వం. ఒకడు రెండుసార్లు వరసలో నిలబడ్డాడు. ఒకమ్మాయి, "ఇంకో పుస్తకంలో ఇంకో మాట రాయి ఆంటీ, ఇది మాకు బాగా కలిసొచ్చింది, ఇవాళ బడి తప్పింది" అంది. నా నడుం విరిగిపోయింది. పెద్దమ్మ ఒడ్డు మీద బల్ల వేసుకుని కూర్చుని, బుర్ర ఎలా పట్టుకోవాలో, ఎటు వంచాలో అరుస్తూనే ఉంది. ఏటా వచ్చి ఈ పని నువ్వే చెయ్యాలి, విమానాలున్నాయిగా అంది. అలాగే అన్నాను.

ఇక నించి అచ్చువేసే పుస్తకాల్లో ఆ మాట ఉండకూడదు. ఇప్పటికే అమ్మినవాటి సంగతి సముద్రం చూసుకుంటుంది. రాణిమాత తీర్పు అది. క్లేర్ ఒప్పుకుంది.

అంతా అయ్యాక రాణిమాత బట్టలు పిండుకుంటూ అడిగింది. "మీ ఇంట్లో ఇంకెవరైనా పలికారా? ఉంటే ఇప్పుడే చెప్పు. మళ్ళీ ముప్పైనాలుగేళ్ళు ఆగే ఓపిక నాకు లేదు."

లేదనబోయాను. అంతలో గుర్తొచ్చింది. మొదటి భాగం అచ్చయినప్పుడు అరాబాకి నాలుగేళ్ళు. తొమ్మిదో ఏట తనే చదువుకుంది. ఒక నెలపాటు రోజూ స్నానాల తొట్టిలో నిలబడి, దుప్పటి భుజాలకి కట్టుకుని, నీళ్ళని తెరుచుకోమని ఆ మాట అరిచేది. కింది ఇంటివాళ్ళు వచ్చి గొడవ పెట్టుకున్నారు కూడా.

"నా కూతురు" అన్నాను. "చాలాసార్లు."

రాణిమాత నన్ను పైనించి కిందికి చూసింది. "ఎంత ఇల్లమ్మా మీది! నోరు కట్టుకునే ఆడదే పుట్టదా అందులో?" తర్వాత పేరు అడిగింది. ఎన్నేళ్ళని అడిగింది. ఎవరి కూతురో తెలిసినా కూడా మళ్ళీ అడిగి, నా చేత చెప్పించింది. "పిలిపించు. వచ్చి జవాబు చెప్పుకోవాలి. అప్పటిదాకా ఇసుక మీద కాలు పెట్టొద్దని చెప్పు."

ఇంటికి వచ్చి, తడి బట్టలతోనే ఫోన్ చేశాను.

"అరాబా, నిన్ను రాజుగారి ముందుకి పిలిచారు."

"నన్నా? నేనేం చేశాను?"

చెప్పాను. తొట్టి, దుప్పటి, కింది ఇంటివాళ్ళు.

"అంటే అది నాకు కూడా అంటిందా?"

"అంటింది."

"పరదేశికి అంటదన్నావు కదా?"

"అవును. నీకు అంటింది."

ఫోన్‌లో ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నాకూ అంతే. కాసేపటికి ముక్కు తుడుచుకుని, క్రిస్మస్ సెలవులకి టికెట్ చూడమంది. వచ్చే శనివారం స్నేహితులతో మార్గేట్ బీచ్‌కి వెళ్ళాల్సి ఉందట. మానేస్తానంది.

"ఆ ఇసుక వేరు, ఈ ఇసుక వేరులేవే, వెళ్ళు" అన్నాను.

"వద్దమ్మా. ఇసుకంటే ఇసుకే."

"మరి వాళ్ళకి ఏం చెబుతావు?"

"మా ఊళ్ళో నా మీద కేసుందని చెబుతా" అంది.